సప్పుడు మంచిగుంది సార్

శనివారం పొద్దున కురుమయ్య ఎర్ర కోత మిషన్‌ను బల్ల మీద బిగించి చైనుకు పదును పెడుతున్నాడు. నలభై ఆరు పళ్లు. ఒక్కో పంటికి మూడు తోపులు. గుండ్రటి ఆకురాయిని ముందుకు తోసేటప్పుడు ఒత్తాలి, వెనక్కి తెచ్చేటప్పుడు పంటికి తగలకుండా తేవాలి. ఎడమ వాటం పళ్లన్నీ అయ్యాక బల్ల చుట్టూ తిరిగి వచ్చి కుడి వాటం మొదలుపెట్టాడు. రిపేరుకు వచ్చిన పంపు ఇంజన్లూ, మందు కొట్టే మిషన్లూ షెడ్డు ముందర వరసగా పడి ఉన్నాయి. వాటి తాలూకు రైతులు రెండుసార్లు వచ్చి చూసి పోయారు. "జర ఆగుండ్రి" అన్నాడే తప్ప కురుమయ్య తల ఎత్తలేదు.

ఆ మిషన్ వనపర్తిలో ఉండే రాఘవేందర్ సారుది. ఫిజిక్సు లెక్చరరుగా రిటైరైన ఆ సారుకు పాత కోత మిషన్లంటే పిచ్చి. చెట్లు కోసే మిషన్లు ఎక్కడ తుక్కు కింద పడి ఉన్నా ఏరుకొచ్చి ఇంట్లో అరల మీద పేర్చుకుంటాడు. నలభై దాకా పోగయ్యాయి. వాటికి మళ్లీ ఊపిరి పోసేది కొల్లాపూర్ మెకానిక్ కురుమయ్య. వీళ్లకు తోడు అచ్చంపేట ఏసురత్నం. ఒకప్పుడు నల్లమల అడవి కూపుల్లో కూలికి చెట్లు కోసిన మనిషి, చప్పుడు విని మిషన్ వయసు చెప్పేస్తాడు. నెలకో ఆదివారం ముగ్గురూ సారు ఇంటి వెనక జామచెట్టు కింద కూర్చుని ఒక్కో మిషన్నే తాడు లాగి నడిపించి, ఆపి, మళ్లీ నడిపించి, దాని గురించి మాట్లాడుకుంటారు.

ఈ ఎర్రది యాభై ఏళ్ల నాటిది. నాలుగు నెలల కింద ఉత్త తుప్పు ముద్ద. కురుమయ్య దాన్ని వారం రోజులు డీజిలులో నానబెట్టి, బిగుసుకుపోయిన పిస్టన్‌ను చెక్కముక్క ఆనించి మెల్లగా కొట్టి విడిపించాడు. స్కూటరు రింగులు రాకి సరిపెట్టాడు. చివరికి అది మూడో లాగుకు అందుకున్న రోజున ఇంటికి పోయి, కాళ్లు కూడా కడుక్కోకుండా ఆ సంగతి భార్య యాదమ్మకు చెప్పాడు.

పదకొండింటికి నాగేశ్ ట్రాలీ ఆటోలో వచ్చాడు. చెట్లు కొట్టించే కాంట్రాక్టరు. కొల్లాపూర్‌కు ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న సారు మామిడితోట నరికి ప్లాట్లు చేయించే పని అతనిదే.

"కురుమన్నా, సారు మిషన్ తీస్కపొమ్మన్నడు. మొద్దులు మస్తు లావున్నయ్. నా మిషన్లకు చైను తిరిగే పట్టీ పొడుగు సాలుతలేదు."

"సారు చెప్పిండు. అయిపోయింది, కూసో."

కురుమయ్య చైను ఎక్కించి, బిగువు చూసుకుని, మిషన్‌ను నేల మీద పెట్టి పిడిలో కాలు దూర్చి తాడు లాగాడు. షెడ్డు రేకులు అదిరాయి. నాగేశ్ రెండడుగులు వెనక్కి వేసి నవ్వాడు. ఆ నవ్వు చూసి కురుమయ్య ఇంకోసారి వేగం పెంచాడు.

"అబ్బ, ఏం సప్పుడన్నా."

"గిప్పటి మిషన్లకు రాదది. చూడు, బొటనవేలి కాడ ఈ బొడిపె ఉంది గద, దీన్ని ఒత్తుకుంట ఉండాలె. ఒత్తితెనే చైనుకు ఆయిల్ పోతది. మర్సిపోయిన్రనుకో, పట్టీ కాలుతది. అట్లాంటి పట్టీ మల్ల దొర్కదు. పెట్రోల్ల ఆయిల్ జర ఎక్కువ కల్పు. వాన పడితే గోనె కప్పు."

"ఇంకేమన్న చెప్పాల్నా?"

"అంతే. సారును వీడియో తియ్యుమను. పనిల అది ఎట్ల పల్కుతదో ఇనాలె."

*

సోమవారం తొమ్మిది గంటలకు వీడియో వచ్చింది. పాత మిషన్ల పిచ్చివాళ్లు ఇరవై మంది ఉన్న వాట్సాప్ గ్రూపు అది. హైదరాబాద్ వాళ్లు నలుగురు, రాయచూరు ఆయన ఒకరు, మిగతావాళ్లు ఇటువైపు వాళ్లే. వీడియోలో ఒక సన్నటి మనిషి లుంగీ మోకాళ్ల పైకి కట్టి, రబ్బరు చెప్పులతో, పడిన మామిడి మొద్దు మీద వంగి ఎర్ర మిషన్‌తో కోస్తున్నాడు. పొట్టు అతని కాళ్ల మీద తెల్లగా కుప్పపడుతోంది. వెనక నుంచి రాఘవేందర్ సారు గొంతు వినిపిస్తోంది. "ఆఁ, అట్లనే. ఇప్పుడు పట్టీ ముక్కు పెట్టు. ముక్కుతోని సక్కగ లోపలికి పొడువు. ఫోన్ల కనబడాలె."

కురుమయ్య ఫోనును చెవికి ఆనించుకుని రెండుసార్లు విన్నాడు. వేగంలో కొంచెం బరువుగా పలుకుతోంది. కార్బొరేటరు స్క్రూ పావు చుట్టు బిగించాలి అనుకున్నాడు. బొటనవేలితో ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ "సప్పుడు మంచిగుంది సార్" అని కొట్టి పంపాడు.

మధ్యాహ్నం పంపు తీసుకుపోవడానికి వచ్చిన రైతు చెప్పాడు. "సారు తోటల మనిషికి తాకిందంట. మిషన్ ఎగిరి మీదికొచ్చిందంట. వనపర్తి దవాఖానకు తీస్కపోయిన్రు."

కురుమయ్య చేతిలోని పానా కింద పెట్టి ఫోను తీశాడు. గ్రూపులో వీడియో లేదు. ఉన్నచోట తొలగించినట్టు చెప్పే ఒక లైను మిగిలింది. దాని కింద తన మూడు ముక్కలు అట్లాగే ఉన్నాయి.

*

మంగళవారం పొద్దున బస్సెక్కి వనపర్తి దవాఖానకు పోయాడు. ఆ సన్నటి మనిషి పేరు గణేష్ అని, ముప్పై ఏళ్లు కూడా నిండలేదని అక్కడే తెలిసింది. ఎడమ భుజం నుంచి మణికట్టు దాకా కట్టు. కట్టు బయట ఉన్న వేళ్లు ఉబ్బి, నల్లబడి, ఎవరివో అన్నట్టు పక్క మీద పడి ఉన్నాయి. మంచం పక్కన స్టూలు మీద అతని భార్య వసంత కూర్చుని ఉంది.

"నేను కురుమయ్యను. మిషన్ రిపేరు చేసిన."

వసంత అతని వైపు చూసి కొంగు సర్దుకుంది. గణేష్ మాత్రం తల తిప్పి చూశాడు.

"మంచిగ కోసిందన్నా" అన్నాడు. "సొరకాయ కోసినట్టు కోసింది. మూడు మొద్దులు అయిపోయినయ్. వీడియో తీసినంక నాలుగోదాని మీద మల్ల ముక్కు పెట్టిన. ఏమయిందో తెల్వదు. అది తన్నింది."

కురుమయ్యకు ఏమయిందో తెలుసు. పట్టీ ముక్కు పైభాగం కట్టెకు తగిలితే చైను కట్టెను కొరకలేక మిషన్‌ను వెనక్కి, మనిషి ముఖం మీదికి విసురుతుంది. ఇప్పటి మిషన్లకు పిడి ముందర బ్రేకుగా ఒక అడ్డు ఉంటుంది. మిషన్ ఎగిరిందంటే ఆ అడ్డు చేతికి తగిలి చైను రెప్పపాటులో ఆగిపోతుంది. ఎర్రదానికి ఆ అడ్డు లేదు. దాన్ని చేసిన రోజుల్లో దేనికీ లేదు. ఉత్త ఇనుప పిడి.

"ఏలు కదులుతున్నయా?"

"లేదన్నా. నరం తెగిందంటున్నరు."

వసంత అప్పుడు మాట్లాడింది. గొంతు చాలా మెల్లగా ఉంది.

"నిన్న పొద్దుమీకి నాగేశ్ వచ్చిండు. మందులు నేనే సూస్కుంట అన్నడు. ఎందుకు ఇంత మంచిగ మాట్లాడుతుండు అనుకున్న. పొద్దుగాల మా మరిది ఠాణాకు పోతే తెల్సింది. తోటల గదికి తాళముంటే మీ గణేష్ పలగ్గొట్టి సారు మిషన్ ఎత్తుకచ్చిండు, చెప్పకుండ వాడిండు, అందుకే తాకించుకున్నడు అని నాగేశూ సారూ రాసిచ్చిన్రంట. దొంగ అని రాసిచ్చిన్రు అన్నా. చేతి కష్టం మీద బతికే మనిషిని, ఆ చెయ్యి పోయినంక దొంగను చేసిన్రు."

గణేష్ కళ్లు మూసుకున్నాడు. నిద్రపోలేదు.

కురుమయ్య వార్డు బయటికి వచ్చి మెట్ల మీద నిలబడ్డాడు. మిషన్ ఇచ్చింది తన చేతులే. నాగేశ్ ఆటోలో ఎత్తి పెట్టింది తనే, కింద గోనె పరిచింది తనే. ఏ గది, ఏ తాళం? నాగేశ్‌కు ఫోను చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. మూడోసారి ఫోను ఆఫ్ చేసి ఉంది. మెట్ల పక్కనున్న నల్లా దగ్గర ముఖం కడుక్కున్నాడు. అయినా చెవుల్లో వేడి తగ్గలేదు. కొల్లాపూర్ బస్సులో ఆ దారి పొడుగునా పళ్లు బిగపట్టుకునే కూర్చున్నాడు.

*

బుధవారం రాఘవేందర్ సారే ఫోను చేసి రమ్మన్నాడు. కురుమయ్య పోయేసరికి ఏసురత్నం అప్పటికే వచ్చి ఉన్నాడు. మిషన్ల గదిలో మూడు గోడలకూ అరలు. ఒక్కో మిషన్‌కు దారంతో కట్టిన చీటీ, చీటీ మీద సారు గుండ్రటి చేతిరాతలో సంవత్సరం. సారు ఒక మిషన్‌ను ఒళ్లో పెట్టుకుని మెత్తటి గుడ్డతో తుడుస్తున్నాడు.

"కూర్చో కురుమయ్యా. మనసేం బాలేదు. మన ఎర్రది ఠాణాలో ఒక మూలకు పడేసిండ్రు. రక్తం కూడ తుడవలేదు. అల్యూమినియం మీద మచ్చ పడుతది. ఇగ పోదు."

కురుమయ్య నిలబడే ఉన్నాడు.

"సార్, గణేష్‌ను చూసొచ్చిన. ఏలు కదుల్తలేవు."

"విన్న. పాపం. దవాఖాన సంగతి నాగేశ్ చూస్తడు, నేను చెప్పిన. కాని ఒకటి ఆలోచించు. ఇది కేసయిందనుకో, మిషన్లు అడవిల దొంగ కోతకు వాడినయి అంటరు, కాయితాలు చూపియ్యి అంటరు. ఈ అరలు ఖాళీ అయితయి. నీ షెడ్డులవి కూడ వదలరు. పదేండ్ల నుంచి మనం బతికించుకున్నయన్నీ తుక్కు బండి ఎక్కుతయి." సారు గుడ్డ మడిచి పక్కన పెట్టాడు. "రేపు ఎస్సై నిన్ను పిలుస్తడు. శనివారం నీ షెడ్డు నుంచి మిషన్ నేనే కారుల తెచ్చుకున్ననని చెప్పు. తోట గదిల పెట్టి తాళమేసినమని చెప్పు. అంతే. వాడెట్ల తీసిండో మనకు తెల్వదు."

"నేను నాగేశ్‌కు ఇచ్చిన సార్. మీరు ఇయ్యమంటె ఇచ్చిన."

"అది నీకు నాకు తెల్సు."

"గణేష్‌కు తెల్సు. వీడియోల మీ గొంతే ఉంది గద సార్. ముక్కు పెట్టు, ముక్కుతోని పొడువు అన్నరు."

"వీడియో తీసేసిన" అన్నాడు సారు. ఆ మాట అనడంలో కోపం గాని, సిగ్గు గాని లేవు. నల్లబోర్డు మీద తప్పు లెక్క చెరిపేసినంత మామూలుగా అన్నాడు. "చూడు కురుమయ్యా, కూలి మనిషికి ఒక్క కేసు అయితే ఏం గాదు. దొంగతనం రుజువు గాదు, రెండేండ్లల్ల కొట్టేస్తరు. మనకు అట్ల గాదు. మనకు పేరుంది."

కురుమయ్య ఏసురత్నం వైపు చూశాడు. ఏసురత్నం కిటికీ వైపు చూస్తున్నాడు. ఇన్నేళ్లూ ఈ మనిషి ముందర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇంజన్లో మంట ఎట్లా పుడుతుందో సారు బొమ్మ గీసి చెబుతుంటే నోరు తెరుచుకుని విన్నాడు.

"దొంగ కానోన్ని దొంగ అననీకి నాకు నోరు రాదు సార్."

"దొంగ అనమంటలేను. తెల్వదు అను."

కురుమయ్య వరండాలోకి వచ్చి చెప్పులు వేసుకున్నాడు. కుడిది ఎడమకు, ఎడమది కుడికి వేసుకుని గేటు దాకా పోయాక గాని గుర్తించలేదు.

*

ఏసురత్నం వెనకే వచ్చాడు. ఇద్దరూ బస్టాండు ఎదురుగా చాయ్ హోటల్లో కూర్చున్నారు. కురుమయ్య చాయ్ ముట్టలేదు.

"నోట్లె బెల్లం పెట్టుకున్నవా అన్నా అక్కడ? ఒక్క మాటన్న అనకపోతివి."

ఏసురత్నం చొక్కా పై గుండీలు రెండు విప్పి, కాలరు పక్కకు లాగాడు. ఎడమ మెడ ఎముక మీద నుంచి చంక వైపుకు ఒక గుంట. చర్మం ముడతలుగా కుట్టుకుపోయి, నున్నగా మెరుస్తోంది.

"గదే తీరు మిషన్. ముప్పై ఐదేండ్లయింది. కాంట్రాక్టరు నేను తాగి ఉంటినని రాయించిండు. నేను ఆ పొద్దు జొన్న గటక తప్ప ఏం తాగలే."

కురుమయ్య ఆ గుంటనే చూస్తూ ఉండిపోయాడు. పదేళ్లుగా ఇద్దరూ ఒకే గ్లాసులో నీళ్లు తాగారు.

"మరి ఎన్నడు చెప్పకపోతివే."

"ఎప్పుడు చెప్పాలె? మీరిద్దరు దాని సప్పుడు ఇనుకుంట నవ్వుతుంటే, నడుమల నేను అంగీ ఇప్పాల్నా?"

"అయితె ఆదివారాలు ఎందుకొస్తవ్ అన్నా?"

ఏసురత్నం గుండీలు పెట్టుకున్నాడు. "సారు ఇంట్ల అవి చీటీలు కట్టుకోని, కదలకుండ కూసుంటయ్. అట్ల చూసుడు నాకు పానానికి హాయిగుంటది. నువ్వు ఒక్కోదాన్నే లేపుతుంటే భయమయితుండె. కని మీరు సంబరపడుతుంటిరి." చాయ్ చివరి గుక్క తాగి గ్లాసు బోర్లించాడు. "గ్రూపుల తీసేస్తే ఫోన్లకెల్లి పోతదా అన్ని? ఫొటోలల్ల చూడు ఒకసారి."

కురుమయ్య ఫోను తీసి ఫొటోలు తిప్పాడు. వీడియో ఉంది. బస్టాండు గోలలో, మైకులో ఊళ్ల పేర్లు అరుస్తుంటే, ఇద్దరూ తలలు దగ్గర పెట్టి చూశారు. పొట్టు, లుంగీ, రబ్బరు చెప్పులు, సారు గొంతు. ఈసారి కురుమయ్య చప్పుడు వినలేదు. గణేష్ పాదాలనే చూశాడు.

*

గురువారం పదింటికి ఠాణాకు పోయాడు. పిలుపు కోసం ఆగలేదు. పోతూ పోతూ సారునూ నాగేశ్‌నూ ఎట్లా కడిగిపారెయ్యాలో మాటలన్నీ వరసగా పేర్చుకున్నాడు. ఎస్సై నలభై లోపు మనిషి, ముక్తసరిగా మాట్లాడతాడు. గోడ పక్కన సంచిలో ఎర్ర మిషన్ పట్టీ బయటికి పొడుచుకుని ఉంది.

కురుమయ్య నిలబడే అంతా చెప్పాడు. శనివారం నాగేశ్ వచ్చింది, తను ఎత్తి ఆటోలో పెట్టింది, సారు నిన్న ఇంటికి పిలిచి ఏం చెప్పమన్నదీ చెప్పాడు. గొంతు పెరిగిపోతుంటే ఎస్సై చేత్తో తగ్గించమని సైగ చేశాడు. వీడియో చూశాడు. సారు మాటల దగ్గర ఆపి, వెనక్కి తిప్పి మళ్లీ విన్నాడు.

"ఇది చాలు. దొంగతనం నిలబడదు" అన్నాడు. కురుమయ్య ఊపిరి వదిలాడు.

ఎస్సై ఫోను ఇవ్వలేదు. గ్రూపు తెరిచి కిందికి జరిపాడు.

"వీడియో కింద 'సప్పుడు మంచిగుంది సార్' అన్నది ఎవరు?"

"నేనే సార్."

"అప్పుడు ముక్కుతోని పొడుస్తున్నది చూసినవా?"

"చూసిన."

"ముక్కుతోని పొడిస్తే తన్నుతదని నీకు ఎర్కనా?"

"ఎర్కనే."

"ఈ మిషన్‌కు బ్రేకు లేదని?"

"ఎర్కనే సార్. నేనే గద విప్పి బిగించింది."

"నాగేశ్‌కు ఇచ్చేటప్పుడు చెప్పినవా మరి?"

కురుమయ్య నోరు తెరిచాడు. ఏం చెప్పాడో వరసగా గుర్తొచ్చింది. ఆయిల్ చెప్పాడు. పట్టీ కాలుతుందని చెప్పాడు. వాన పడితే గోనె కప్పమన్నాడు. మిషన్‌కు వచ్చే కష్టాలన్నీ ఏకరువు పెట్టాడు, పట్టుకునే మనిషి సంగతి ఒక్క ముక్క లేదు. పట్టుకునే మనిషి ఒకడు ఉంటాడని ఆ వేళ అతనికి తోచనే లేదు.

అబద్ధం ఒకటి నాలుక చివరి దాకా వచ్చింది. చెప్పిన సార్, నాగేశే వినలేదు. ఎవరు కాదంటారు? నాగేశ్ మాట ఇప్పుడు ఎవరూ నమ్మరు. ఎస్సై పెన్ను పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. మూడు రోజులుగా సారు మీద, నాగేశ్ మీద రగిలిన కోపమంతా ఒక్కసారి దిక్కు మార్చుకుని తన మీదికే తిరిగింది. పొద్దున్నుంచి పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ పనికిరాలేదు.

"చెప్పలే."

"రాస్తే నీ పేరు కూడ కాయితంల వస్తది. ఆలోచించుకో."

"రాయుండ్రి. మిషన్ గురించి చెప్పిన, మనిషి గురించి చెప్పలే అని రాయుండ్రి."

ఎస్సై ఒకసారి అతని ముఖం చూసి రాయడం మొదలుపెట్టాడు. మూడు పేజీలయింది. కురుమయ్య ప్రతి పేజీ కింద సంతకం చేశాడు. ఫోను తీసుకుని రసీదు ఇచ్చారు.

సాయంత్రానికి ఊరంతా తెలిసింది. నాగేశ్ షెడ్డు ముందు ఆటో ఆపి, దిగకుండానే తిట్టి పోయాడు. కురుమయ్య పంపు ఇంజను విప్పుతూనే ఉన్నాడు. యాదమ్మ మాత్రం అంతా విని, "సారు ఒక్కని పేరే చెప్పి ఊకుంటే పోయేది గద" అంది. తర్వాత తనే, "అట్ల చేస్తే నీ మనసుల నుంచి పోకుండె లే" అంది.

*

శుక్రవారం మళ్లీ దవాఖానకు పోయాడు. గణేష్ నిద్రపోతున్నాడు. అతని చెయ్యి కింద ఎవరో దిండు పెట్టారు. వసంత గిన్నె కడుక్కుని వరండాలోకి వచ్చి అతన్ని చూసి ఆగింది.

"దొంగ కేసు తీసేస్తమన్నరు అన్నా. పొద్దుగాల మా మరిది ఫోన్ చేసిండు. నువ్వే పోయి చెప్పినవంట."

"చెప్పిన."

ఆమె ముఖంలో ఏదో కొంచెం సడలింది. చాయ్ తాగుతావా అని అడగబోతున్నట్టు ఫ్లాస్కు వైపు తిరిగింది. అక్కడితో ఊరుకుని ఆ చాయ్ తాగి వెళ్లిపోవచ్చు. కురుమయ్య ఊరుకోలేదు.

"ఇంకోటి కూడ చెప్పిన. ఆ మిషన్‌కు బ్రేకు లేదు. అది ఎగురుతదని నాకు ముందే ఎర్క. ఎవలకు చెప్పలే. వీడియోల మీ ఆయన ముక్కు పెట్టుడు చూసిన. అప్పుడన్న ఫోన్ చేసి వద్దంటే ఆగుతుండె. నేను సప్పుడు మంచిగుందని రాసిన."

వసంత ఫ్లాస్కు మూత మీద పెట్టిన చెయ్యి అట్లాగే ఉంచింది. వార్డులో ఎవరో దగ్గుతున్నారు. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది కురుమయ్యకు.

"ఎందుకు చెప్తున్నవ్ నాకు?" అంది చివరికి.

"ఠాణాల చెప్పి నీకు చెప్పకుంటే ఎట్ల?"

ఆమె గిన్నె కింద పెట్టి, తడి చేతులు చీరకు తుడుచుకుని, మొట్టమొదటిసారి అతని కళ్లలోకి సూటిగా చూసింది.

"పరిహారం సంగతికి సోమవారం నాగర్‌కర్నూల్ల లేబర్ ఆఫీసుకు రమ్మన్నరు. సారును, నాగేశ్‌ను కూడ పిలుస్తరంట. నువ్వు వస్తవా?"

"వస్త."

"గిదంతా మల్ల చెప్తవా అక్కడ?"

"చెప్త."

"అయితె రా" అంది వసంత. "కని నా పక్కకు రాకు. వాళ్లిద్దరు నిలబడే దిక్కు నిలబడి చెప్పు."

కురుమయ్య తల ఊపాడు. ఆమె గిన్నె తీసుకుని లోపలికి పోయింది. అతను కాసేపు ఆ వరండాలోనే నిలబడి, తర్వాత నాగర్‌కర్నూల్‌కు సోమవారం పొద్దున మొదటి బస్సు ఎన్ని గంటలకో కనుక్కుందామని బస్టాండు దారి పట్టాడు.